అద్దకపు రంగులు - జలపరీక్షా చరిత్రము

బట్టకు రంగు వేయు వృత్తికి తొలి పరికరము నీరు. నూలును తడుపుటకు నీరు వలెను. రంగును కరగించుటకు నీరు వలెను. అంటక మిగిలిన రంగును కడిగివేయుటకును నీరే వలెను. కడుగగా మిగిలిన ఆ నీరు తిరిగి కాలువకో, వాగునకో, పెరటినూతి చెంతకో చేరును. తెలుగునేల విడిచి షోలాపురము, భివండి, సేలము, కోయంబత్తూరు మొదలగు చోట్ల తరతరములుగా మగ్గమును నమ్ముకొని బ్రతుకుచున్న తెలుగు కుటుంబములకు ఈ సంగతి ఒకరు చెప్పవలసినది కాదు. కాని ఆ నీటిలో ఏమి మిగిలినది, ఎంత మిగిలినది, అది త్రాగువారికి ఏమి చేయును అను ప్రశ్నలకు ప్రమాణపూర్వకమైన సమాధానము చెప్పుటకు శాస్త్రజ్ఞులకు నూరేండ్లకు పైగా పట్టినది. ఆ పరీక్షలు ఎట్లు పుట్టినవి, ఒకదాని లోపమును మరియొకటి ఎట్లు దిద్దినది, వాని వలన వృత్తిజనమునకు తెలియవలసినదేమి అనునవి ఈ వ్యాసమున విచారింపబడుచున్నవి.

కంటితో పరీక్షించిన కాలము

కృత్రిమ రంగులు రాకపూర్వము తెలుగుతీరపు అద్దకమునకు ప్రపంచఖ్యాతి తెచ్చిన ఎరుపు చిరివేరు నుండి వచ్చెడిది. సముద్రతీరపు ఇసుకనేలలలో పెరుగు చిన్న మొక్క వేరు అది. 17వ శతాబ్దిలో మచిలీపట్టణము, పెదపల్లి రేవులనుండి ఓడలకెక్కిన అద్దకపు బట్టలకు వన్నె తెచ్చినది ఇదియే. ఆ పెదపల్లియే నేటి నిజాంపట్టణము. బట్టను కరక్కాయ కషాయమున, పాలలో నానవేసి, ఎరుపు కావలసిన చోట పటిక నీటిని కలముతో అద్ది, చిరివేరు నీటిలో కాచెడివారు. పటిక ఉన్న చోటనే ఎరుపు పట్టును. నలుపునకు బెల్లపు నీటిలో తుప్పుపట్టిన ఇనుమును ఊరవేసి వాడెడివారు. నీలమునకు నీలిమందు.

ఈ విధానములు పరదేశీయులను అబ్బురపరచినవి. 1734లో బోల్యూ అను ఫ్రెంచి నావికాధికారి పుదుచ్చేరిలో అద్దకమును దగ్గరనుండి చూచి, ఒక్కొక్క దశ ముగియగానే బట్టతునుక కత్తిరించి తనదేశపు రసాయన శాస్త్రజ్ఞుడైన డ్యుఫే కొరకు భద్రపరచెను. 1742లో కూర్దూ అను జెసూయిట్ మతాచార్యుడు ఇదే విషయమును లేఖగా వ్రాసి పంపెను. తెలుగు, ఫ్రెంచి, సంస్కృత పదములతో నిఘంటువు కూర్చినవాడును ఈ కూర్దూయే. 1795లో వెలువడిన కోరమాండల్ తీరపు మొక్కల గ్రంథమున విలియం రాక్స్‌బర్గ్ చిరివేరును వర్ణించెను. సామర్లకోటలో చిరకాలముండి తెలుగునేల మొక్కలను పరిశీలించిన వైద్యుడాతడు.

ఆ వృత్తికారులకు నీటి గుణము ప్రాణము. ఒక నూతినీట మెరసిన ఎరుపు మరియొక నూతినీట మాసినట్లుండును. దీని కారణమును తరువాతి రసాయనశాస్త్రము వివరించినది. చిరివేరులోని అలిజరిన్ అను రంగుపదార్థము పటికలోని అల్యూమినియముతో కలిసి నూలును పట్టునపుడు, నీటిలోని సున్నపు అంశము కూడ ఆ బంధమున పాల్గొని ఎరుపునకు నిగ్గు తెచ్చును. అద్దకపువారికి సున్నపు అంశము మాట తెలియకున్నను, ఫలానా నూతినీరు పనికివచ్చును, ఫలానాది రాదు అను సంగతి అనుభవము వలన తెలియును. వారి ప్రయోగశాల వారి కన్నే. బట్ట మీద రంగు పలికిన తీరే వారికి నీటి పరీక్ష.

ఆనాటి అద్దకపు నీరు నిర్మలముగ ఉండెడిదని చెప్పుట సరికాదు. నీలిమందు తొట్ల దుర్గంధము ఊరివారికందరికి తెలిసినదే. కాని వేళ్లు, బెరడులు, కాయలు, పేడ మొదలగునవి కాలక్రమమున నేలలో కుళ్లిపోవునవి. పని పరిమాణమును చిన్నది. కావున బట్ట మీద రంగును చూచు కన్ను, కాలువలో నీటిని చూచుటకును చాలియుండెను.

కృత్రిమ రంగుల రాక

1856లో లండను నగరమున విలియం పెర్కిన్ అను 18 ఏండ్ల విద్యార్థి చలిజ్వరపు మందైన క్వినైనును కృత్రిమముగ చేయబోయి, తారునుండి తీసిన పదార్థములలో ఊదారంగును కనుగొనెను. మావ్ అని పేరొందిన ఆ రంగుతో కొత్త పరిశ్రమ ఆరంభమైనది. 1858లో పీటర్ గ్రీస్ కనిపెట్టిన డయాజో చర్య వలన రెండు నత్రజని పరమాణువుల జంటను వంతెనగా కలిగిన ఎజో రంగులు సాధ్యమైనవి. నేటి కృత్రిమ రంగులలో సగమునకు మించినవి ఈ ఎజో కుటుంబమునకు చెందినవే.

1868లో గ్రేబె, లీబర్మన్ అను జర్మను శాస్త్రజ్ఞులు అలిజరిన్‌ను తారునుండి తయారుచేసిరి. చిరివేరు భూమిలో ఏండ్లపాటు పోగుచేసిన పదార్థమునే కర్మాగారము కొలది దినములలో చేయనారంభించెను. 1884లో వెలువడిన కాంగో రెడ్ అను ఎజో రంగు పటిక తోడు లేకుండనే నూలునకు తిన్నగా అంటెను. 1897లో కృత్రిమ నీలిమందు విపణికి వచ్చెను. 1912లో నాఫ్తాల్ రంగులు వచ్చినవి. చేనేత నూలునకు వేయు ముదురు ఎరుపులు, మెరూనులు అనేకము వీనివే. 1954లో రాటీ, స్టీఫెన్ అను ఇరువురు ఇంగ్లండు శాస్త్రజ్ఞులు నూలు పోగుతో రసాయనబంధము చేయగల రంగులను కనుగొనిరి. 1956 నుండి అవి రియాక్టివ్ రంగులను పేర అమ్మకమునకు వచ్చినవి.

ఈ రంగుల గుణమే నీటికి దోషమైనది. ఎండకు వెలవరాదు, సబ్బునకు కరగరాదు, చెమటకు మారరాదు అను కోరికతో నిర్మింపబడిన పదార్థము కాలువలో చేరిన తరువాత మాత్రము త్వరగా నశించునా? సామాన్య సూక్ష్మజీవులు దానిని సులభముగ జీర్ణించుకొనలేవు. ఇక రియాక్టివ్ రంగులలో కొంత భాగము నూలుతో కలియుటకు ముందే నీటితో కలిసి వ్యర్థమగును. అట్లు వ్యర్థమైన రంగు మరల బట్టకు అంటదు. రంగును బట్టియు, పద్ధతిని బట్టియు ఇది పదింట ఒక వంతు మొదలుకొని మూడు, నాలుగు వంతుల వరకు ఉండును. అది అంతయు కడుగునీటిలోనికే పోవును.

రంగును కొలుచుట

నీటిలో రంగు ఉన్నదని చెప్పుట ఒకటి. ఎంత ఉన్నదని చెప్పుట మరియొకటి. ఈ రెండవ పనికి పునాది కృత్రిమ రంగులకంటె పాతది. కాంతి ఒక పదార్థము గుండ పోవునపుడు ఎట్లు క్షీణించునో 1729లో బూగే అను ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు వివరించెను. 1760లో లాంబర్ట్ దానిని సూత్రీకరించెను. 1852లో బీర్ అను జర్మను శాస్త్రజ్ఞుడు ద్రావణము చిక్కనైన కొలది కాంతిశోషణము అదే నిష్పత్తిలో పెరుగునని చూపెను. పలుచని ద్రావణమున రంగు రెండింతలైన శోషణము రెండింతలగును. ఈ ఒక్క సూత్రము మీదనే నేటి వరకు రంగుపరీక్షలన్నియు నిలిచియున్నవి.

19వ శతాబ్ది మధ్యమున పారిస్‌లో డుబోస్క్ అను పనిముట్ల నిర్మాత కలోరిమీటరు అను పరికరమును చేసెను. ఒక గొట్టమున తెలిసిన ద్రావణము, మరియొక గొట్టమున పరీక్షింపవలసిన ద్రావణము పోసి, రెండును ఒకే వన్నెగా కనబడువరకు వాని లోతులను మార్చి, ఆ లోతుల నిష్పత్తి వలన రంగు పరిమాణమును లెక్కించెడివారు. ఇక్కడను నిర్ణయము కంటిదే; కాని రెండింటిని ప్రక్కప్రక్కన పోల్చి చూచు కన్ను ఒంటరి కంటికంటె నమ్మదగినది.

నీటిలో రంగు ఎంత స్వల్పమైనను కనబడునను సంగతిని 1877లో జరిగిన ఒక వింత పరీక్ష లోకమునకు చాటినది. జర్మనీలో డాన్యూబు నది ఒక చోట సున్నపురాతి పగుళ్లలోనికి ఇంకిపోవుచుండెను. ఆ నీరే కొంతదూరమున ఆఖ్ అను ఊటగా పైకి వచ్చుచున్నదా అను విషయమున దిగువ పరీవాహకుల నడుమ తగవు ఏర్పడెను. 1877 అక్టోబరులో క్నోప్ అను ఆచార్యుడు 10 కిలోగ్రాముల ఫ్లోరెసీన్ రంగును నదిలో పోయించెను. సుమారు 60 గంటల తరువాత ఆఖ్ ఊట పచ్చని మెరపుతో వెలువడెను. అప్పటికి ఆ రంగు కనిపెట్టబడి ఆరేండ్లే. భూమి క్రింద నీరు తనదారిని తాను పోవుననియు, ఒక చోట కలిసినది దూరమున మరియొకరి పాత్రలో తేలుననియు ఆనాడే రుజువైనది.

1892లో అమెరికాలో అలెన్ హేజెన్ త్రాగునీటి రంగును కొలుచుటకు ప్లాటినము, కోబాల్టు లవణములతో ఒక ప్రమాణమును ఏర్పరచెను. నేటికిని త్రాగునీటి పరీక్షలలో రంగు హేజెన్ యూనిట్లలోనే చెప్పబడుచున్నది. భారత ప్రమాణముల ప్రకారము త్రాగునీటికి 5 యూనిట్లు అంగీకార్యము. వేరు ఆధారము లేనప్పుడు 15 వరకు అనుమతింపబడును. అయితే హేజెన్ ప్రమాణము పసుపు, గోధుమ వన్నెలు గలది. ఆకులు అలములు కుళ్లిన అడవినీటి రంగునకు అది సరిపోవును. అద్దకపు నీరో ఒకనాడు నీలము, మరునాడు ఎరుపు, ఇంకొకనాడు ఆకుపచ్చ. నీలపు నీటిని పసుపు కొలతతో కొలుచుట చీరను సోలతో కొలిచినట్లే.

ఈ చిక్కు తీరుటకు కంటి స్థానమున విద్యుత్పరికరము రావలసివచ్చెను. 1941లో అమెరికాలో ఆర్నల్డ్ బెక్‌మన్ సంస్థ వెలువరించిన స్పెక్ట్రోఫోటోమీటరు ఆ పనిని సామాన్య ప్రయోగశాలలకు అందుబాటులోనికి తెచ్చినది. ఇందు తెల్లని కాంతిని పట్టకము విడదీసి, ఒక్కొక్క వన్నె కాంతిని నీటి గుండ పంపి, ఎంత శోషింపబడినదో అంకెలలో చూపును. కాంతి వన్నెను తరంగదైర్ఘ్యముతో చెప్పుదురు. దాని కొలత నానోమీటరు, అనగా మీటరులో నూరుకోట్లవ వంతు. మెథిలీన్ బ్లూ అను నీలిరంగు 664 నానోమీటర్ల యొద్ద అత్యధికముగ శోషించును. లీటరునకు 1, 2, 3, 4 మిల్లీగ్రాముల చొప్పున తెలిసిన ద్రావణములు చేసి శోషణమును గీతపటము మీద గుర్తించినచో అవి ఒక సరళరేఖ మీద పడును. తెలియని నీటి శోషణమును ఆ రేఖపై చూచి పరిమాణమును చెప్పవచ్చును.

అనేక రంగులు కలిసిన కర్మాగారపు నీటికి ఒకే తరంగదైర్ఘ్యము చాలదు. అందువలన అంతర్జాతీయ ప్రమాణములలో 436, 525, 620 నానోమీటర్లను మూడు చోట్ల శోషణమును చూచు పద్ధతి స్వీకరింపబడినది. అంతకుముందు నీటిని సన్నని వడపోతకాగితము గుండ వడగట్టవలెను. లేనిచో బురద సైతము కాంతిని అడ్డగించి రంగుగా లెక్కకు వచ్చును.

వేరుచేసి చూచుట

ఎంత రంగు ఉన్నదో తెలిసిన పిదప, ఏ రంగు అను ప్రశ్న వచ్చును. దీనికి మొదటి ఉపాయము నేతగాని యింటిదే అని చెప్పదగును. 19వ శతాబ్ది చివర ద్రాక్షసారాయములలోను, మిఠాయిలలోను కల్తీ రంగులను పట్టుటకు ఐరోపా పరీక్షకులు తెల్లని ఉన్నిదారమును ఆమ్లము చేర్చిన ద్రవమున కాచెడివారు. కృత్రిమమైన ఆమ్లరంగు దారమునకు గట్టిగ అంటును. దారమును కడిగి, అమోనియా నీటిలో కాచిన రంగు విడివడును. ఆ నీటిని మరల ఆమ్లముచేసి రెండవ దారమును వేసిన అదియు రంగెక్కును. పండ్ల సహజవర్ణములు రెండవ దారమును అట్లు పట్టవు. అద్దకమే పరీక్షగా మారిన సందర్భమిది.

1903లో వార్సా నగరమున త్స్వెట్ అను రష్యను వృక్షశాస్త్రజ్ఞుడు సున్నపుపొడి నింపిన గాజుగొట్టము గుండ ఆకురసమును పంపి, అందలి వర్ణములు వేరువేరు పట్టీలుగా విడివడుటను ప్రకటించెను. 1906లో ఆతడు దానికి క్రొమటోగ్రఫీ అని పేరుపెట్టెను. 1944లో కాన్స్‌డెన్, గోర్డన్, మార్టిన్ అనువారు గొట్టమునకు బదులు వడపోతకాగితమును వాడిరి. అడ్డపట్టీగా నిలిపిన కాగితము మీద చుక్కగా పెట్టిన రంగుల మిశ్రమము ద్రవముతోపాటు పైకి ప్రాకుచు, ఒక్కొక్కటి ఒక్కొక్క ఎత్తున నిలిచిపోవును. నల్లసిరా చుక్కను తడికాగితము మీద పెట్టినప్పుడు అందుండి నీలము, ఎరుపు విడివడుట బడిపిల్లలు సైతము చూడగలరు.

1960-70 సంవత్సరముల నడుమ ఈ పద్ధతి మరల గొట్టములోనికి ప్రవేశించినది. అతిసన్నని రేణువులు నింపిన ఉక్కుగొట్టమున ద్రవమును అధికపీడనముతో పంపు ఆ యంత్రము రంగుల మిశ్రమమును నిమిషములలో విడదీయును. విడివడిన ప్రతి పదార్థమును తూచుటకు దాని వెంట ద్రవ్యరాశి వర్ణపటమాపకమును చేర్చిరి. అద్దకపు రంగులలో పెక్కు ఆవిరి కానివి, వేడిచేసిన మాడిపోవును. కావున వానిని ఆవిరి చేయకనే విద్యుదావేశము గల తుంపరలుగా యంత్రములోనికి పంపు విధానము వచ్చువరకు ఈ పని కష్టమై యుండెను. ఆ తుంపరవిధానమును వృద్ధిచేసిన జాన్ ఫెన్‌నకు 2002లో నోబెల్ బహుమానము లభించెను. నేడు లీటరు నీటిలో మిల్లీగ్రామునందు వేయవ వంతు ఉన్న రంగును సైతము గుర్తింపవచ్చును. అంత స్వల్పమైన రంగును ఏ కన్నును చూడజాలదు.

రంగు పోయిన నీటి సంగతి

ఇంతవరకు చెప్పిన పరీక్షలన్నియు రంగును వెదకినవి. కాని వైద్యులు వేరొక దారిని ఇంకొక సత్యమును చేరుచుండిరి. 1895లో ఫ్రాంక్‌ఫర్టు నగరపు శస్త్రవైద్యుడు లుడ్విగ్ రేన్ రంగుల కర్మాగారపు పనివారిలో మూత్రాశయపు పుట్లను గమనించి ప్రకటించెను. 1938లో హ్యూపర్ 2-నాఫ్తైలమీన్ అను పదార్థము కుక్కలలో అదే రోగమును కలిగించునని చూపెను. 1954లో కేస్, ఆతని సహచరులు బ్రిటిషు రంగుల పరిశ్రమ పనివారి లెక్కలను పరిశీలించి బెంజిడీన్, 2-నాఫ్తైలమీన్ అనువాని అపరాధమును స్థిరపరచిరి. వీనికి ఆరోమాటిక్ అమీనులని పేరు. ఇవి రంగులు కావు. ఎజో రంగుల తయారీకి ముడిసరకులు.

అపాయము ముడిసరకుతో ముగియలేదు. ఎజో రంగులోని నత్రజని వంతెన తెగినచో రంగు పోవును. కాని దాని రెండు కొసలును అమీనులుగా మిగులును. గాలి తగులని బురదలోని సూక్ష్మజీవులు ఈ వంతెనను త్రెంచగలవు. మానవుని ప్రేగులలోని సూక్ష్మజీవులును అట్లే త్రెంచగలవు. కాంగో రెడ్ వంటి రంగు తెగిన బెంజిడీన్ వెలువడును. అనగా ఎర్రని నీరు మడుగున నిలిచి తేటపడినప్పుడు అది శుద్ధమైనదని అనుకొనుట తగదు. రంగు కనబడినంతసేపు కన్ను హెచ్చరించినది. రంగు పోయిన పిదప ఆ హెచ్చరికయు పోయినది.

అందువలన పరీక్షకులు తమ విధానమును మార్చుకొనిరి. రంగు దొరకిన చాలదని, దానిని సోడియం డైథయోనైటు అను పదార్థముతో ప్రయోగశాలలోనే త్రెంచి, ఏ అమీను వెలువడునో వెదకుట ఆరంభించిరి. జర్మనీ 1994లో అట్టి అమీనులను విడుదలచేయగల రంగులను బట్టలలో నిషేధించెను. ఐరోపా సమాఖ్య 2002లో 22 అమీనులను పేర్కొని, కిలోగ్రాము బట్టలో 30 మిల్లీగ్రాములను హద్దుగా నిర్ణయించెను. భారతదేశమున బెంజిడీన్ రంగులు 42, ఇతర ఎజో రంగులు 70, మొత్తము 112 రంగులు 1997 నాటికి నిషిద్ధములైనవి.

ఈ జాబితా దూరదేశపు వ్యవహారమని చేనేత కుటుంబములు తలపరాదు. నాఫ్తాల్ అద్దకమున రెండవ తొట్టిలో వాడు బేసులలో గార్నెట్ జి.బి.సి., రెడ్ టి.ఆర్. అను పేళ్లు గలవి నిషిద్ధమైన అమీనులే. నాఫ్తాల్ అద్దకము చిన్నచిన్న ఇండ్లలో, చేతితొడుగులు లేని చేతులతో జరుగునది. ఆ తొట్టి నీరు పారు కాలువ ఆ యింటి ముందరిదే. పరీక్ష లేని చోట నష్టపడువారు మొదట రంగువేయు వారే, పిదప బట్ట కట్టువారు.

నొయ్యల్ నేర్పిన పాఠము

కంటికి కనబడని దోషములలో అతిసామాన్యమైనది ఉప్పు. రియాక్టివ్ రంగు నూలును చేరుటకు ఉప్పు వలయును. ముదురు వన్నెలకు లీటరు రంగునీటికి 50 గ్రాములకు మించి వాడుట సామాన్యము. రంగు కొంత బట్టకు అంటును. ఉప్పు ఏమాత్రమును అంటదు. అది అంతయు నీటితో బయటకు వచ్చును.

వెళ్లియంగిరి కొండలలో పుట్టి, కోయంబత్తూరు, తిరుప్పూరు మీదుగ ప్రవహించి కావేరిలో కలియు నొయ్యల్ నది దీనికి దృష్టాంతము. ఆ కొంగునాట సేద్యమును, నేతను, వర్తకమును చేయుచు తెలుగు మాటాడు కుటుంబములు తరతరములుగ కలవు. తిరుప్పూరు బనీను పరిశ్రమ పెరిగిన కొలది అద్దకపు నీరు నదిలో పెరిగెను. దిగువ పొలములకు సాగునీటికై నిర్మింపబడి 1992లో పూర్తియైన ఒరత్తుపాళయము ఆనకట్టలో వ్యర్థజలమే నిలువయయ్యెను. పైరుకై కట్టిన చెరువు పైరునకు పనికిరానిదయ్యెను.

రైతులు న్యాయస్థానమునకు ఎక్కిరి. అక్కడ తీర్పునకు ఆధారమైనవి ప్రయోగశాల అంకెలు. నీటిలో కరగియున్న మొత్తము లవణములు లీటరునకు 2100 మిల్లీగ్రాములు మించరాదను హద్దును రంగు తొలగించిన నీరు సైతము దాటుచుండెను. రంగు తీసివేయు శుద్ధిశాలలు కాలువను తెల్లబరచినవి, ఉప్పును తీయలేదు. 2006 డిసెంబరులో మద్రాసు హైకోర్టు వ్యర్థజలము చుక్కయైనను బయటకు పోరాదను నియమము విధించెను. అది నెరవేరకపోవుటచే 2011 జనవరి 28న తిరుప్పూరు అద్దకపుశాలలను మూయవలసినదిగా ఆజ్ఞాపించెను. కొన్ని వందల అద్దకపుశాలలు ఆగినవి. వానిని నమ్ముకొనిన కూలివారి జీవనమును ఆగినది. పిమ్మట సూక్ష్మపొరల గుండ వడగట్టి, మిగిలిన చిక్కని ఉప్పునీటిని ఇగిర్చి, నీటిని, ఉప్పును తిరిగి అద్దకమునకే వాడు శుద్ధిశాలలు ఏర్పడినవి.

ఇందు రైతు పక్షము, అద్దకపువారి పక్షము అని రెండుగ చూచుట సులభము. కాని నీటిని మొదటనే కొలిచి, ఉప్పు లెక్కను అందరికిని తెలియజేసియున్నచో పైరును చెడకపోవును, శాలలును ఒక్కమారు మూతపడకపోవును. ఆలస్యముగ వచ్చిన పరీక్ష ఇరుపక్షములను శిక్షించినది.

పరీక్షాపత్రమును చదువుట

ఈ చరిత్రము వలన తేలుచున్నది ఒక్కటే. నీటి దోషమును చెప్పుటకు కన్ను చాలదు. ఏ ఒక్క పరీక్షయు చాలదు. కాలువలో రంగు కనబడుట ఒక దోషము. కనబడకపోవుట నిర్దోషమునకు సాక్ష్యము కాదు.

నూతినీటిని పరీక్షింపగోరువారు తెలిసికొనవలసినవి కొన్ని కలవు. నీటిని శుభ్రమైన సీసాలో నింపి, చల్లగ ఉంచి, ఆలస్యము చేయక ప్రయోగశాలకు చేర్చవలెను. నూతి చోటు, తేది, అద్దకపు కాలువ ఎంతదూరమున నున్నది అనునవి సీసా మీద వ్రాయవలెను. వానకాలపు నీరు, వేసవి నీరు ఒకటి కావు. కావున ఏట రెండు మారులైనను పరీక్షింపవలెను. పరీక్షాపత్రమున రంగు ప్రక్కనున్న అంకె 5 లోపున ఉన్నదా, కరగిన లవణములు త్రాగునీటి ప్రమాణమైన 500 మిల్లీగ్రాములలోపున ఉన్నవా, కనీసము వేరు నీరు లేనిచోట అనుమతింపబడు 2000 లోపుననైన ఉన్నవా అని చూడవలెను. అమీనుల పరీక్ష సామాన్య పరీక్షలో చేరియుండదు. ప్రత్యేకించి కోరినగాని ఎవరును చేయరు. నీటిని కాచుట వలన రోగక్రిములు నశించునుగాని ఉప్పు పోదు, రంగు పోదు.

పరీక్షాపత్రము ఆంగ్లమునగాని, ఆయా రాష్ట్రభాషలో గాని వచ్చును. షోలాపురపు మగ్గమువానికి, సేలపు అద్దకపుదానికి ఆ పత్రములోని నాలుగు అంకెలను తెలుగున విడమరచి చెప్పగలవారు ప్రతి పేటలోను ఒకరుండుట అవసరము. తెలుగుసంఘములు, తెలుగు బడులు ఈ పనికి తగినవి. ఎనిమిదవ తరగతి చదువు విద్యార్థికి సిరాచుక్క కాగితముపై విడివడుట చూపిన గంటలోనే ఈ అంకెల అర్థమును చెప్పవచ్చును.

పూర్వపు అద్దకపువాడు ఫలానా నూతినీరు ఎరుపునకు మంచిదని తన కొడుకునకు చెప్పి పోయెడివాడు. ఆ ఎరుక వృత్తివిద్యలో భాగము. నేటి వృత్తివిద్యలో ఫలానా నూతినీరు త్రాగుటకు మంచిదా అను ఎరుకయు భాగము కావలెను. రంగువేయు చేయియు, ఆ నీరు త్రాగు నోరును ఒకే యింటివైనప్పుడు, ఆ ఎరుకను ఇతరులకు విడిచిపెట్టుట తగదు.